యూరిక్ యాసిడ్ 8.1 వచ్చింది, గుండె కోసం మాత్ర వేసుకోవాలా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ: "నాకు 39 ఏళ్ళు. సొంతూరు సోంపేట దగ్గర పల్లె, ఉద్యోగం శ్రీకాకుళంలో, కూర్చుని చేసే పని. ఏ జబ్బూ లేదు, ఏ మందూ వాడటం లేదు. ఆఫీసువాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో యూరిక్ యాసిడ్ 8.1 వచ్చింది. కీళ్ళ నొప్పులు లేవు. మా నాన్నగారు 52 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. యూరిక్ యాసిడ్ పెరిగితే గుండెపోటు వస్తుందని వీడియోల్లో చూసిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. పప్పు, పాలకూర మానేశాను. మందుల షాపులో ఫెబుక్సోస్టాట్ 40 ఇచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదు. వేసుకోమంటారా? మా అమ్మకు కూడా 7.4 ఉంది. ఆవిడకు బీపీ మాత్ర ఉంది, చుట్ట అలవాటూ ఉంది. రిపోర్టు మొత్తం రాస్తున్నాను, చూసి చెప్పండి డాక్టర్ గారూ."

మొదలుపెట్టకపోవడం మంచిదైంది బాబూ. ఆ స్ట్రిప్ అలాగే పక్కన పెట్టండి. కీలు ఎప్పుడూ వాయని మనిషికి, కిడ్నీలో రాయి లేని మనిషికి, కేవలం గుండె కోసమని యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర ఇస్తే మేలు జరిగిందని ఇప్పటిదాకా ఏ పెద్ద అధ్యయనంలోనూ తేలలేదు. అలాగని "ఏం పరవాలేదు, హాయిగా ఉండండి" అని కూడా నేననను. మీ రిపోర్టులో నాకు కంగారు పుట్టించిన అంకెలు ఉన్నాయి. వాటిలో యూరిక్ యాసిడ్ మొదటిది కాదు.

మీరు పంపినవి మళ్ళీ వరసగా రాస్తాను, నాతోపాటు చదవండి. నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. బీపీ 138/88. పరగడుపు షుగర్ 106. రక్తంలో కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు 240. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 36. చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 128. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2. యూరిక్ యాసిడ్ 8.1. ఈ చివరిదానికి మీరు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టానన్నారు. మిగతావాటి జోలికి పోలేదు. "షుగర్ కొంచెమే కదా, బీపీ ఆ రోజు మెట్లెక్కి వెళ్ళాను కదా" అని సరిపెట్టుకున్నారు.

మన దేశంలో మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. బీపీ 130/85 లోపు, పరగడుపు షుగర్ 100 లోపు, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. హెచ్‌డీఎల్ మాత్రం 40 కంటే పైనే ఉండాలి. ఈ అయిదింటిలో మూడు గాడి తప్పితేనే మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం. మీకు అయిదుకు అయిదూ తప్పాయి. పైగా తండ్రికి 55 ఏళ్ళ లోపే గుండెపోటు. నాకు ఏ జబ్బూ లేదని మీరు నమ్ముతున్నారు, అబద్ధం చెప్పారని నేననను. మంచాన పడలేదు, మాత్రలు మింగడం లేదు, డ్యూటీకి వెళ్తున్నారు. మన జిల్లాలో ఆరోగ్యంగా ఉండటం అంటే చాలామందికి అదే. గుండె లెక్కలో మాత్రం మీరు ఆరోగ్యవంతుల వరసలో లేరు.

ఇప్పుడు యూరిక్ యాసిడ్ సంగతికి వద్దాం, ఎందుకంటే అది వీటన్నిటితో కలిసే పెరిగింది. పొట్ట చుట్టూ కొవ్వు చేరిన ఒంట్లో ఇన్సులిన్ చెప్పిన మాట కణాలు సరిగా వినవు. వినడం లేదని పాంక్రియాస్ ఇంకాస్త ఇన్సులిన్ వదులుతుంది. అలా ఎక్కువైన ఇన్సులిన్ కిడ్నీలను తగులుకుంటుంది. మూత్రంలో బయటికి పోవాల్సిన యూరిక్ యాసిడ్‌ని, ఉప్పుని కిడ్నీలు మళ్ళీ రక్తంలోకి లాక్కునేట్టు చేస్తుంది. ఉప్పు నిలిస్తే బీపీ ఎక్కుతుంది, యూరిక్ యాసిడ్ నిలిస్తే 8.1 కనబడుతుంది. మూలం ఒకటే. పొయ్యి మండుతుండగా పొగను విసనకర్రతో తోలితే ఏం లాభం? మాత్రతో 8.1ని 5కి దించినా నడుము, బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

అసలు ఈ యూరిక్ యాసిడ్ ఒంట్లో ఎందుకుందో కూడా తెలుసుకోండి, భయం సగం పోతుంది. మన కణాల్లో ఉండే డీఎన్ఏ, శక్తినిచ్చే ఏటీపీ వంటివాటిలో ప్యూరిన్లు ఉంటాయి. పాత కణాలు పోయి కొత్తవి వచ్చేటప్పుడు ఆ ప్యూరిన్లు విరిగి చివరికి యూరిక్ యాసిడ్‌గా మిగులుతాయి. ఒంట్లో తయారయ్యేదానిలో దాదాపు మూడింట రెండు వంతులు మన సొంత కణాల నుంచి వచ్చేదే, మూడో వంతే తిండి నుంచి వస్తుంది. బయటికి పోవడంలోనూ మూడింట రెండు వంతులు కిడ్నీల ద్వారా, మిగతాది పేగుల ద్వారా పోతుంది. చాలా జంతువుల్లో దీన్ని ఇంకా విరగ్గొట్టే యూరికేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మనుషుల్లో ఆ జన్యువు ఎప్పుడో పనిచేయడం మానేసింది. అందుకే మనలో ఇది మిగతా జంతువుల కంటే ఎక్కువగా ఉంటుంది. నెలసరి ఆగని ఆడవాళ్ళలో ఈస్ట్రోజెన్ వల్ల కొంత తక్కువ, ఆగాక పెరుగుతుంది.

రిపోర్టులో 7 దగ్గర ఒక హద్దు కనబడుతుంది కదా. ఒంటి వేడి దగ్గర ఒక డెసీలీటరు రక్తంలో యూరిక్ యాసిడ్ సుమారు 6.8 మిల్లీగ్రాముల దాకా కరిగి ఉండగలదు. అది దాటితే కీళ్ళలో సన్నని స్ఫటికాలుగా పేరుకునే అవకాశం మొదలవుతుంది. అంటే 7 అనే గీత ప్రధానంగా కీళ్ళను దృష్టిలో పెట్టుకుని గీసింది, గుండెను చూసి గీసింది కాదు. ఆ గీత దాటినవాళ్ళలో కూడా ఎక్కువమందికి జీవితంలో ఒక్కసారి కూడా గౌట్, అంటే ఆ స్ఫటికాల వల్ల కీలు వాచే జబ్బు, రాదు.

మరి వీడియోలవాళ్ళు గాలిలోంచి తెచ్చారా అంటే, అదీ కాదు. 2000లో అమెరికాలో దాదాపు ఆరు వేల మందిని ఏళ్ళ తరబడి గమనించిన ఒక పెద్ద సర్వే ఫలితాలు వచ్చాయి. యూరిక్ యాసిడ్ ఒక్కో మిల్లీగ్రాము పెరిగేకొద్దీ గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే అవకాశం మగవాళ్ళలో 9 శాతం, ఆడవాళ్ళలో 26 శాతం ఎక్కువగా కనబడింది. ఇలాంటివి తరవాత చాలా వచ్చాయి. అంతకు ఒక ఏడాది ముందే, 1999లో, ఫ్రామింగ్‌హామ్ అనే అమెరికా గుండె అధ్యయనంవాళ్ళు 6,763 మంది లెక్కలు తీశారు. వయసు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే ఆడవాళ్ళలో యూరిక్ యాసిడ్‌కీ గుండె జబ్బుకీ సంబంధం కనబడింది. బీపీ, షుగర్, పొగ, నీరు పోయే మాత్రలు వంటివి కూడా లెక్కలో కలిపేసరికి ఆ సంబంధం మాయమైంది. మగవాళ్ళలో మొదటి నుంచే కనబడలేదు. ఆ తరవాత జన్యువుల మీద చేసిన పరిశోధనల్లో, పుట్టుకతోనే యూరిక్ యాసిడ్ ఎక్కువుండే జన్యువులున్నవాళ్ళకు గౌట్ ఎక్కువ వచ్చిందని స్పష్టంగా తేలింది. గుండె రక్తనాళాల జబ్బు విషయంలో అలా తేలలేదు. రెండూ కలిసి కనబడటం వేరు, ఒకటి రెండోదానికి కారణం కావడం వేరు.

ఈ పేచీ తేలాలంటే ఒకటే దారి. ఒకే రకం మనుషుల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందిచ్చి, కొన్నేళ్ళు ఆగి చూడాలి. బ్రిటన్‌లో ఆ పని చేశారు, 2022లో ఫలితాలు వచ్చాయి. దాని పేరు ఆల్-హార్ట్. గౌట్ లేని, గుండె రక్తనాళాల జబ్బు ఉన్న, 60 దాటిన 5,721 మంది. సగం మందికి రోజూ యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర, అదీ 600 మిల్లీగ్రాముల దాకా. మిగతా సగానికి మామూలు వైద్యమే. దాదాపు అయిదేళ్ళు గమనించారు. గుండెపోటో, పక్షవాతమో, గుండె కారణంగా మరణమో సంభవించినవాళ్ళు మందు వాడినవారిలో 11.0 శాతం, వాడనివారిలో 11.3 శాతం. తేడా లేనట్టే. గుండె జబ్బు అప్పటికే ఉన్నవాళ్ళకే ఉపయోగపడనిది, మీలాంటివారికి ఉపయోగపడుతుందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. మీలాంటి నలభై లోపువాళ్ళ మీద అంత పెద్ద అధ్యయనం జరగలేదన్నది నిజం. కాబట్టి పరిశోధకులు ఇంకా వెతకడం న్యాయమే. మీరు ఈలోగా మాత్ర మింగడం మాత్రం న్యాయం కాదు.

బీపీ గురించి ఒక ముక్క. 2008లో అమెరికాలో కొత్తగా బీపీ బయటపడిన 30 మంది టీనేజ్ పిల్లలకు అల్లోప్యూరినాల్ ఇస్తే 20 మందిలో బీపీ మామూలుకు వచ్చింది. నిజంగా ఆశ కలిగించిన ఫలితమది. ఆ తరవాత పెద్దవాళ్ళలో, 18 నుంచి 40 ఏళ్ళ వయసువాళ్ళలో ప్రయత్నిస్తే బీపీ తగ్గలేదు. వీడియోల్లో మొదటి కథే చెబుతారు, రెండోది చెప్పరు.

మీకిచ్చిన ఫెబుక్సోస్టాట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇది పారాసిటమాల్ ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చేస్తున్నారు. గౌట్, గుండె జబ్బు రెండూ ఉన్న 6,190 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. అల్లోప్యూరినాల్ వాడినవారి కంటే ఫెబుక్సోస్టాట్ వాడినవారిలో గుండె సంబంధ మరణాలు ఎక్కువ కనిపించాయి. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందు మీద అతి తీవ్రమైన హెచ్చరిక వేయించింది. 2020లో యూరప్‌లో చేసిన మరో పెద్ద పరీక్షలో ఆ ముప్పు కనబడలేదు. గౌట్‌తో బాధపడేవారికి అవసరమైతే నేనూ రాస్తాను, పనిచేసే మందే. కానీ గుండె మీద భయంతో ఒక మనిషి వెళ్తే, గుండె విషయంలోనే సందేహం నడిచిన మందు చేతిలో పెట్టి పంపడం నాకు బాధ కలిగించింది.

సోంపేట దగ్గర సొంతూరు అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఈ జవాబులో మీరు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఈ భాగమే.

కిడ్నీ వడపోత తగ్గితే యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. వేరే ఊళ్ళో 8.1 చూస్తే నేను ముందు పొట్ట చూస్తాను. ఉద్దానం మనిషిలో 8.1 చూస్తే ముందు కిడ్నీ చూస్తాను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఉద్దానం అని పిలిచే ఈ మండలాల్లో షుగర్ లేకుండా, మొదట్లో బీపీ కూడా లేకుండా కిడ్నీలు పాడవుతున్న సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఊళ్ళోనే చూసి ఉంటారు. ఎండలో ఒళ్ళు వంచి పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం, తాగే నీళ్ళు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశం, ఇలా ఎన్నో అనుమానాల మీద పరిశోధన జరుగుతోంది. ఇదొక్కటే కారణం అని ఇంకా ఎవరూ తేల్చలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి.

మీ క్రియాటినిన్ 1.2, ల్యాబ్ గీత లోపలే ఉంది. మీ వయసుకు లెక్క కడితే వడపోత, అంటే ఈజీఎఫ్ఆర్, 79 దగ్గర వస్తుంది. 60కి పైన ఉండి, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోకుండా ఉంటే దాన్ని జబ్బు అనం. కండ బాగా ఉన్న మనిషికి కాస్త ఎక్కువ రావచ్చు, ముందురోజు రాత్రి మాంసం దండిగా తిన్నా రావచ్చు. వేరే జిల్లా మనిషైతే ఏడాది తరవాత చూద్దాం అనేవాణ్ణి. మీకు అలా అనను. నెల తరవాత ఒకసారి, మూడు నెలలకు ఒకసారి అదే ల్యాబ్‌లో క్రియాటినిన్ చేయించండి. 1.2 అలాగే నిలబడితే సంతోషం. 1.3, 1.4 అని మెల్లగా జరుగుతుంటే, ఒక్కొక్కటీ "నార్మల్"గానే కనబడినా సరే, వెంటనే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. దాంతోపాటు మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, ఒకసారి కిడ్నీల స్కాన్. మూత్రంలో ప్రోటీన్ "నిల్" అని రాగానే కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయనుకోవద్దు. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో ప్రోటీన్ ముందే పోవడం మొదలవుతుంది. ఉద్దానం జబ్బులో చాలా కాలం పెద్దగా పోదు. అందుకే మన దగ్గర మూత్ర పరీక్ష ఒక్కటే చాలదు, క్రియాటినిన్ కూడా కావాలి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కొబ్బరి తోటల్లో పనిచేసే ఒక యువకుడు నా దగ్గరికి వచ్చాడు. కాళ్ళు లాగుతున్నాయంటే ఎక్కడో యూరిక్ యాసిడ్ చేయించారు, 9 దాటింది. ఏడాదిగా మాత్ర వాడుతున్నాడు, నొప్పులకు ఇంకో మాత్ర. జేబులోంచి మడతలు పడ్డ రిపోర్టు తీశాడు. యూరిక్ యాసిడ్ వరస కింద గీత కొట్టి ఉంది. సరిగ్గా దాని పై వరసలో క్రియాటినిన్ 3.4 అని ఉంది. ఆ పై వరస ఏడాదిగా ఎవరి కంటా పడలేదు. అతనికి యూరిక్ యాసిడ్ పెరగడానికి కారణం కిడ్నీ, ఆ కిడ్నీని ఇంకాస్త దెబ్బతీస్తున్నది నొప్పి మాత్ర. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఉద్దానం మనిషి సొంతంగా కొనుక్కుని వేసుకోకూడదు. మీకూ అదే చెబుతున్నాను, మీ ఊళ్ళో మీవాళ్ళకూ చెప్పండి.

ఇప్పుడు తిండి. పప్పు, పాలకూర మానేశారు కదా, ఈ రాత్రికే మళ్ళీ మొదలుపెట్టండి. పప్పుల్లో, ఆకుకూరల్లో ప్యూరిన్లు ఉన్న మాట నిజమే, కానీ వాటి వల్ల గౌట్ పెరగదు. 2004లో 47 వేలమంది మగవాళ్ళను గమనించిన అమెరికా అధ్యయనంలో మాంసం, సముద్రపు చేపలూ రొయ్యలూ ఎక్కువ తిన్నవారికి గౌట్ ఎక్కువ వచ్చింది. ప్యూరిన్లున్న కూరగాయల వల్ల రాలేదు. పాలు, పెరుగు తీసుకున్నవారికి ఇంకా తక్కువే వచ్చింది. కాబట్టి కందిపప్పు, ఉలవచారు, పాలకూర, గోంగూర, అన్నీ తినండి. మజ్జిగ తాగండి, ఉప్పు మాత్రం తగ్గించి. పప్పు మానేసినవాళ్ళు దాని బదులు అన్నమే పెంచుతారు, అది మీ ట్రైగ్లిజరైడ్లకు ఇంకా చెరుపు. మధ్యాహ్నం అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ అన్నం తిని ఆ పైన అంబలి కూడా తాగితే తగ్గేదేమీ ఉండదు.

తగ్గించాల్సినవి వేరే ఉన్నాయి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు, చెరకు రసం మొదటివి. చక్కెరలో సగభాగం ఫ్రక్టోజ్. అది లివర్‌లో కరిగేటప్పుడు ఏటీపీని గబగబా ఖర్చు చేయించి యూరిక్ యాసిడ్ పుట్టిస్తుంది, ట్రైగ్లిజరైడ్లనూ పెంచుతుంది. ఒక్క దెబ్బకు మీ రిపోర్టులోని రెండు అంకెలూ పెరుగుతాయి. మీరు రోజుకు నాలుగు టీలు తాగుతానన్నారు. టీతో గొడవ లేదు, ఒక్కో టీలో రెండు చెంచాల పంచదారతోనే. రెండోది మద్యం. వారాంతంలో బీరు అన్నారు. బీరులో ఆల్కహాల్‌తోపాటు ప్యూరిన్లు కూడా ఉంటాయి, యూరిక్ యాసిడ్‌కు అదే అన్నిటికంటే చెడ్డది. కల్లు సహజమైనది కదా అని అడుగుతారు చాలామంది. పులిసిన కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది. మూడోది కార్జం, బోటి, నెత్తళ్ళు, ఎండు రొయ్యలు. మన తీరం మనిషికి ఎండు చేప వద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. పూర్తిగా మానమనను. నెలకు ఒకటి రెండుసార్లు, పులుసులో నాలుగు ముక్కలు. ఎండు చేపలో ప్యూరిన్ల సంగతి అలా ఉంచి, మీ 138/88కి అందులోని ఉప్పు పెద్ద శత్రువు. తాజా చేప వారానికి రెండుసార్లు, వేయించకుండా పులుసు పెట్టుకుని తింటే గుండెకు మంచిదే.

బరువు మెల్లగా తగ్గించండి. కొందరు వారం రోజులు పస్తులుండి, అన్నం పూర్తిగా మానేసి, గభాలున తగ్గుతారు. పస్తులున్నప్పుడు ఒంట్లో పుట్టే కీటోన్లు కిడ్నీలో యూరిక్ యాసిడ్‌ను బయటికి పోనివ్వవు, అంకె ఇంకా పెరుగుతుంది. ఆరు నెలల్లో అయిదారు కిలోలు చాలు. నడుము 98 నుంచి 92కి వచ్చిందంటే మీ రిపోర్టులో చాలా అంకెలు మందు లేకుండానే దిగుతాయి. రోజూ అరగంట చెమట పట్టేలా నడక. నీళ్ళు దాహానికి తగ్గట్టు, ఎండలో తిరిగిన రోజు ఎక్కువ. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టు. అయిదారు లీటర్లు తాగితే యూరిక్ యాసిడ్ కడిగేసుకుపోతుందన్న మాట నమ్మకండి.

బీపీ ఇంట్లో చూసుకోండి. పైచేతికి కట్టే మిషను కొనండి, మణికట్టుది వద్దు. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చున్నాక, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా, పొద్దునా సాయంత్రం వారం రోజులు చూసి కాగితం మీద రాయండి. సగటు 135/85 దాటితే మీకు బీపీ ఉన్నట్టే, మెట్లెక్కడం వల్ల కాదు. మాత్ర అవసరమైతే లోసార్టాన్ అనే బీపీ మందు యూరిక్ యాసిడ్‌ను కూడా కొంత తగ్గిస్తుంది. మీ డాక్టరుతో ఆ మాట అనండి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. తండ్రి 52కే పోయారు కాబట్టి లైపోప్రోటీన్-ఏ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే మంచిది, అది వంశంలో వచ్చేది. మూడు నెలలు తిండి, నడక సరిచేశాక కూడా ఎల్‌డీఎల్ 128 దగ్గరే ఉంటే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల గురించి మాట్లాడాలి. మీ గుండెను కాపాడతాయని రుజువైన మందులు అవీ, బీపీ మందులూను.

యూరిక్ యాసిడ్ నెల తరవాత మళ్ళీ చేయించండి. అంతకు రెండు రోజుల ముందు నుంచి మద్యం ముట్టొద్దు, ముందురోజు జిమ్‌లో ఒళ్ళు హూనం చేసుకోవద్దు, నీళ్ళు మామూలుగా తాగి వెళ్ళండి. ఒక్కసారి వచ్చిన అంకె మీద ఏ నిర్ణయమూ చేయకూడదు.

దానికి నిజంగా మందు ఎప్పుడు కావాలంటే: రాత్రికి రాత్రి కాలి బొటనవేలి మొదట్లో ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్వలేనంత నొప్పి వస్తే అది గౌట్ కావచ్చు. అలా మళ్ళీ మళ్ళీ వచ్చేవారికి, చర్మం కింద గడ్డలు కట్టినవారికి, యూరిక్ యాసిడ్ రాళ్ళు పడేవారికి మందు ఇచ్చి 6 లోపు ఉంచుతాం. గౌట్ ఉన్నవారికి గుండె ముప్పు కూడా ఎక్కువే, వాళ్ళ సంగతి వేరు. ఏ లక్షణమూ లేనివారికి మందు వద్దని అమెరికా రుమటాలజీ కాలేజీ 2020లో చెప్పింది. జపాన్‌లో మాత్రం 9 దాటితే, బీపీ, కిడ్నీ ఇబ్బందులుంటే 8కే, మందు ఆలోచిస్తారు. నేను మొదటివాళ్ళ పక్షం. ఒకవేళ ఎప్పుడైనా అల్లోప్యూరినాల్ వాడాల్సి వస్తే తక్కువ డోసుతో మొదలుపెట్టాలి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే ఆ క్షణమే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. అరుదే కానీ ప్రాణం మీదికి వచ్చే రియాక్షన్ అది.

ఛాతీలో బరువుగా, ఎడమ చేతికో దవడకో లాగుతూ, చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. 108కి ఫోన్ చేసి ఈసీజీ ఉన్న చోటికి చేరండి. యూరిక్ యాసిడ్ ఎంతున్నా సరే.

ఇక అమ్మగారు. ఆవిడ బీపీ మాత్ర స్ట్రిప్ తిప్పి చూడండి. పేరు చివర ఎచ్ అనో, సీటీ అనో ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడో, క్లోర్‌థాలిడోనో కలిసి ఉండొచ్చు. వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇవి నీరు పోయే మందులు, యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. నెలసరి ఆగిన వయసు కూడా తోడైంది కాబట్టి 7.4 అంత వింత కాదు. రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునేవారిలోనూ, టీబీకి పైరాజినమైడ్ వాడేవారిలోనూ ఇలాగే పెరుగుతుంది. అలాగని ఆ బీపీ మాత్ర మీరుగా ఆపేయకండి, బీపీ ఎగిసిందంటే పక్షవాతం వస్తుంది. రాసిన డాక్టరుకు స్ట్రిప్ చూపించి, కీళ్ళ నొప్పి ఏమైనా ఉంటే చెప్పి, మార్చాలో వద్దో అడగండి. ఆవిడ క్రియాటినిన్ కూడా చేయించండి, ఆవిడా అక్కడి మనిషే.

చుట్ట అడ్డపొగ పీలుస్తారా, మామూలుగానా అన్నది మీరు రాయలేదు. మన తీరంలో ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది నిప్పు లోపలికి పెట్టుకునే కాలుస్తారు. ఎలా కాల్చినా గుండెకూ రక్తనాళాలకూ యూరిక్ యాసిడ్ కంటే చుట్ట ఎన్నో రెట్లు చెరుపు. అడ్డపొగైతే అంగిలికి క్యాన్సర్ భయం కూడా ఉంది. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు వెలుతురులో నోరు తెరిపించి పై అంగిలి చూడండి. తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్రటి చుక్కలున్నా, మానని పుండున్నా ఆలస్యం చేయకుండా పళ్ళ డాక్టరుకు గానీ ఈఎన్‌టీ డాక్టరుకు గానీ చూపించండి. మీ నెల రిపోర్టులు వచ్చాక క్రియాటినిన్, ఇంట్లో చూసిన బీపీ సగటు, నడుము కొలత, ఈ మూడూ రాసి పంపండి. అమ్మగారి మాత్ర పేరు కూడా.